ఆర్‌వీ టైర్లు: నిర్వహణ, వైఫల్య నివారణ

నిర్వచనం, పరిధి

పడకలు, పొయ్యి, ఫ్రిజ్, మరుగుదొడ్డి, నీటి ట్యాంకులు అమర్చి, ప్రయాణంలోనే కాపురం ఉండటానికి వీలుగా తయారుచేసిన వాహనాన్ని ఆర్‌వీ అంటారు. సొంత ఇంజనుతో నడిచేది మోటార్‌హోమ్. పికప్ ట్రక్కుకో, పెద్ద కారుకో తగిలించి లాక్కెళ్ళేది ట్రెయిలర్. ఈ వాహనాల వాడకం అమెరికా, కెనడాల్లో బాగా ఎక్కువ. 2021 నాటి పరిశ్రమ సర్వే ప్రకారం ఒక్క అమెరికాలోనే సుమారు 1.12 కోట్ల కుటుంబాలకు సొంత ఆర్‌వీ ఉంది. అక్కడ స్థిరపడిన తెలుగువాళ్ళు ఎల్లోస్టోన్, గ్రాండ్ కాన్యన్ వంటి చోట్లకు రెండు మూడు కుటుంబాలు కలిసి వెళ్ళేటప్పుడు వీటిని అద్దెకు తీసుకోవడమూ ఉంది.

ఈ వాహనాల టైర్లు దారిలో పేలకుండా, పొరలు విడిపోకుండా చూసుకునే పద్ధతులన్నీ ఈ వ్యాసం పరిధిలోకి వస్తాయి: తగిన టైరు ఎంపిక, బరువు తూచడం, గాలి పీడనం, వయసు లెక్క, తనిఖీ, నిల్వ. కారు టైరు మంచిచెడ్డలను చాలామంది అరుగుదలను బట్టి చూస్తారు. ఆర్‌వీ టైరుకు ఆ కొలత పనికిరాదు. ఏడాదిలో ఎక్కువ రోజులు ఒకేచోట నిలబడి, కదిలినప్పుడు తన సామర్థ్యం అంచుదాకా బరువు మోసే టైరు ఇది. నేలను తాకే ట్రెడ్ మీది గాడులు కొత్తవాటిలా లోతుగా ఉండగానే లోపల పాడైపోతుంది. ఆర్‌వీ టైర్ల నిర్వహణ కారు టైర్ల నిర్వహణకు భిన్నంగా ఉండటానికి మూలకారణం ఇదే.

చరిత్ర

గాలి నింపిన టైరుకు మొదటి పేటెంటు 1845లో స్కాట్లండు ఇంజనీరు రాబర్ట్ విలియం థామ్సన్‌ది. అది వాడకంలోకి రాలేదు. 1888లో జాన్ బాయ్డ్ డన్‌లప్ సైకిలు కోసం మళ్ళీ రూపొందించాకే గాలి టైరు వ్యాపార వస్తువు అయింది. నివాస సదుపాయాలున్న మోటారు వాహనాల్లో తొలితరం వాటిగా చెప్పే పియర్స్-యారో టూరింగ్ లాండో 1910లో న్యూయార్కులోని మాడిసన్ స్క్వేర్ గార్డెన్ ప్రదర్శనకు వచ్చింది. 1919లో ఫ్లోరిడాలోని టాంపాలో టిన్ క్యాన్ టూరిస్ట్స్ అనే సంఘం ఏర్పడింది. కార్లకు గుడారాలు, చెక్క పెట్టెలు బిగించుకుని ఊళ్ళు తిరిగేవాళ్ళ సంఘం అది. ఆ కాలపు మట్టి రోడ్ల మీద పంచర్లు ప్రయాణంలో భాగంగానే ఉండేవి.

1930ల్లో ఎయిర్‌స్ట్రీమ్ ట్రెయిలర్లు, 1960ల్లో అయోవా రాష్ట్రం ఫారెస్ట్ సిటీ నుంచి విన్నెబాగో మోటార్‌హోమ్‌లు వచ్చాయి. ఇండియానా రాష్ట్రంలోని ఎల్‌ఖార్ట్ ఈ పరిశ్రమకు కేంద్రమయింది. 1946లో మిషెలిన్ పేటెంటు పొందిన రేడియల్ నిర్మాణం అమెరికాలో 1970ల్లో స్థిరపడింది. రేడియల్ టైరు తక్కువ వేడెక్కుతుంది, ఎక్కువ కాలం మన్నుతుంది. అయితే గాలి తగ్గినా పక్కగోడ ఉబ్బు మామూలుగానే కనిపిస్తుంది కాబట్టి కంటితో చూసి గాలి చాలిందో లేదో చెప్పడం కష్టమైంది. అదే సమయంలో వాహనాలు పెరిగాయి. పక్కకు జరిగే గదులు, రాతి పలకల వంటగట్లు, వాషింగ్ మెషీన్లు వచ్చాయి. ఆ బరువంతా చివరికి పడేది టైర్ల మీదే.

వాహన రకాలు, టైరు రకాలు

మోటార్‌హోమ్‌లలో మూడు తరగతులున్నాయి. క్లాస్ ఎ అంటే బస్సంత పెద్దది. క్లాస్ బి వ్యాను బాడీలోనే అమర్చినది. క్లాస్ సి వ్యాను ముందుభాగం ఉంచి, వెనక గది కట్టినది. డ్రైవరు నెత్తిన పడక ఉంటుంది. లాగే వాటిలో మామూలు ట్రావెల్ ట్రెయిలర్, ట్రక్కు తొట్టిలో కొక్కెం తగిలే ఫిఫ్త్ వీల్ ముఖ్యమైనవి.

క్లాస్ బి, సి వాహనాలకు సాధారణంగా ఎల్‌టీ రకం, అంటే లైట్ ట్రక్కు టైర్లు వేస్తారు. పెద్ద క్లాస్ ఎ వాహనాలకు 22.5 అంగుళాల రిమ్ముల మీద లారీ, బస్సు టైర్లు ఉంటాయి. ట్రెయిలర్లకు ఎస్‌టీ రకం ప్రత్యేకం. దీని పక్కగోడలు గట్టివి. మోయగల బరువు ఎక్కువ. కానీ స్టీరింగుకూ, ఇంజను తోపుకూ తగినట్టు చేసినది కాదు కాబట్టి మోటారు వాహనానికి వేయరాదు. ఎస్‌టీ టైర్లకు చాలాకాలం గంటకు 65 మైళ్ళు, అంటే సుమారు 105 కిలోమీటర్లే గరిష్ఠ వేగం. ఇప్పుడు ఎల్, ఎం వేగ సంకేతాలతో 120, 130 కిలోమీటర్లకు తగినవీ దొరుకుతున్నాయి. పాత ట్రెయిలర్‌కు ఏవి వేసి ఉన్నాయో చూసుకోకుండా హైవే మీద కార్లతో సమానంగా లాగడం వైఫల్యాలకు ఒక తరచు కారణం.

చౌకరకం దిగుమతి ఎస్‌టీ టైర్లను అమెరికా ఆర్‌వీ యజమానులు కోపంగా చైనా బాంబులు అని పిలుస్తుంటారు. తయారీ నాణ్యతలో తేడాలు ఉన్న మాట నిజం. ట్రెయిలర్‌తో పాటు వచ్చే టైర్లు బరువుకు బొటాబొటిగా ఉండటం, గాలి తగ్గడం, వేగం మించడం కూడా అంతే నిజమైన కారణాలు. పేలిపోయిన టైరు ముక్కలను చూసి ఇందులో ఏది ఎంత అని తేల్చడం నిపుణులకే కష్టం. (చూ. రేడియల్ టైరు, ట్రెయిలర్ ఇరుసు)

పక్కగోడ మీది రాతలు

టైరు చరిత్ర అంతా దాని పక్కగోడ మీదే ఉంటుంది. ఎస్‌టీ225/75ఆర్15 అన్న రాతలో మొదటి అంకె మిల్లీమీటర్లలో వెడల్పు, రెండోది వెడల్పులో పక్కగోడ ఎత్తు శాతం, చివరిది అంగుళాల్లో రిమ్ము వ్యాసం. ఆ పక్కన లోడ్ రేంజి అనే అక్షరం ఉంటుంది. ఇదే కొలతలో సి రకం 50 పీఎస్‌ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు) వద్ద 2,150 పౌండ్లు, డి రకం 65 పీఎస్‌ఐ వద్ద 2,540 పౌండ్లు, ఇ రకం 80 పీఎస్‌ఐ వద్ద 2,830 పౌండ్లు మోస్తుంది. చూపుకు మూడూ ఒకేలా ఉంటాయి. డి టైరు తీసి ఇ టైరు వేసి, గాలి మాత్రం పాత 65 దగ్గరే ఆపేస్తే అదనపు సామర్థ్యం ఏమీ రాదు. బరువు మోసేది ప్రధానంగా లోపలి గాలి పీడనం. రబ్బరు, తాళ్ళు ఆ పీడనాన్ని పట్టి ఉంచుతాయి. గాలి పెంచాలంటే రిమ్ము, వాల్వు కూడా అంత పీడనానికి తగినవై ఉండాలి.

ఇంకొక ముఖ్యమైన రాత డీవోటీ అన్న అక్షరాలతో మొదలయ్యే సంకేతం. 2000 సంవత్సరం నుంచి దాని చివరి నాలుగు అంకెలు తయారీ తేదీని చెబుతున్నాయి. 3519 అని ఉంటే 2019వ సంవత్సరం 35వ వారం, అంటే ఆగస్టు చివర తయారైందని అర్థం. అంతకు ముందువాటిపై మూడంకెలే ఉండేవి. అలాంటి టైరు ఎక్కడ కనిపించినా, ఎంత కొత్తగా ఉన్నా, వాడకూడదు. పూర్తి సంకేతం చాలా టైర్లకు ఒకవైపే ఉంటుంది. బిగించినప్పుడు ఆ వైపు లోపలికి పోతే వాహనం కిందికి దూరి టార్చి వేసి చూడాలి, లేదా ఫోను లోపలికి పెట్టి ఫొటో తీయాలి. కొన్న తేదీ వేరు, తయారైన తేదీ వేరు. ట్రెయిలర్ కంపెనీ గోదాములో, ఆ తర్వాత డీలరు ఆవరణలో గడిచిన కాలం కూడా టైరు వయసులో కలుస్తుంది.

వైఫల్యం ఎలా జరుగుతుంది

టైరు తిరిగే ప్రతి చుట్టులోనూ నేలను తాకే భాగం వంగి, మళ్ళీ నిటారవుతుంది. ఆ వంపులో కొంత శక్తి వేడిగా మారుతుంది. గాలి తగ్గినా, బరువు పెరిగినా వంపు పెరుగుతుంది. వేగం పెరిగితే నిమిషానికి వంపుల సంఖ్య పెరుగుతుంది. పుట్టిన వేడి బయటికి పోయే వేగాన్ని మించితే లోపల ఉష్ణోగ్రత ఎక్కుతూ పోతుంది. స్టీలు బెల్టుల అంచుల దగ్గర రబ్బరు పట్టు సడలుతుంది. అక్కడ మొదలైన సన్న చీలిక చుట్టూ పాకి, ఒకరోజు బెల్టుతో సహా ట్రెడ్ ఊడి వస్తుంది. దీన్ని ట్రెడ్ వేర్పాటు అంటారు. ఇక్కడ గమనించాల్సింది కాలం. చీలిక మొదలైన రోజుకూ, టైరు పోయిన రోజుకూ మధ్య వారాలో నెలలో ఉండవచ్చు. గాలి తక్కువతో రెండు గంటలు నడిపిన ప్రయాణం క్షేమంగా ముగిసి, ఆ దెబ్బ మరుసటి వేసవిలో బయటపడుతుంది. ఆ వేళకు గాలి సరిగానే ఉంటుంది కాబట్టి యజమాని టైరునే తప్పుపడతాడు.

పక్కగోడలో స్టీలు తాళ్ళున్న పెద్ద టైర్లలో మరో రకం వైఫల్యం ఉంది. గాలి తక్కువతో నడిచినప్పుడు తాళ్ళు పదేపదే వంగి అలసి తెగుతాయి. తర్వాత గాలి నింపేటప్పుడు పక్కగోడ జిప్ తెరుచుకున్నట్టు ఒక్కసారిగా చీలుతుంది. దీన్ని జిప్పర్ రప్చర్ అంటారు. గాలి నింపుతున్న మనిషి ప్రాణం తీయగల ప్రమాదం ఇది. అందుకే ఉండాల్సిన పీడనంలో 80 శాతం గానీ, అంతకన్నా తక్కువ గానీ గాలితో నడిచిన టైరును గాలి లేకుండా నడిచినట్టే లెక్కగట్టి, రిమ్ము నుంచి తీసి లోపల పరీక్షించాకే మళ్ళీ గాలి పట్టాలన్నది టైరు పరిశ్రమ నియమం. ఇనుప బోనులో పెట్టి, దూరం నుంచి గాలి నింపాలి. 100 పీఎస్‌ఐ ఉండాల్సిన చోట 78 కనబడితే పక్కనున్న గాలి గొట్టం తగిలించి నింపేయడం అందరికీ తోచే పని. చేయకూడనిదీ అదే.

వయసు. రబ్బరులోని అణుశృంఖలాలను ఆక్సిజన్ నెమ్మదిగా గట్టిపరుస్తుంది. గాలిలోని ఓజోన్ పైపొరను చీలుస్తుంది. ఎండ ఈ రెండింటినీ వేగిరపరుస్తుంది. దీనికి విరుగుడుగా తయారీలోనే రబ్బరులో మైనాలనూ, 6పీపీడీ వంటి ఓజోన్ నిరోధకాలనూ కలుపుతారు. టైరు తిరుగుతూ వంగుతుంటే అవి లోపలి నుంచి పైకి ఊరి వచ్చి రక్షణ పొర కడతాయి. నిలబెట్టిన టైరులో ఆ ఊట తగ్గిపోతుంది. నడవని టైరు నడిచే టైరు కన్నా త్వరగా పగుళ్ళు బారడానికి కారణం ఇదే.  

ఎన్నేళ్ళకు మార్చాలి అన్నదానిపై ఏకాభిప్రాయం లేదు. అయిదేళ్ళు దాటాక ఏటా నిపుణుడి చేత పరీక్ష చేయించి, పదేళ్ళకు తప్పనిసరిగా తీసేయాలని మిషెలిన్ వంటి కంపెనీల సూచన. అనేక వాహన తయారీదారులు ఆరేళ్ళు అంటారు. ట్రెయిలర్ల ఎస్‌టీ టైర్లకు మూడు నుంచి అయిదేళ్ళే లెక్క అని ఆ రంగంలోని వారి వాడుక. నిలిపిన చోటు, ఎండ, మోసిన బరువు బట్టి తేడా ఉంటుంది. ఆరిజోనా ఎండలో గడిపిన అయిదేళ్ళూ, మిషిగన్‌లో నీడన గడిపిన అయిదేళ్ళూ ఒకటి కావు.

మెలి. రెండు, మూడు ఇరుసుల ట్రెయిలర్‌ను మలుపు తిప్పినప్పుడు దాని చక్రాలు మలుపు వైపుకు మళ్ళవు. ఇరుకు చోట వెనక్కి పెట్టేటప్పుడు పక్కన నిలబడి చూస్తే ముందు టైరు ఒకవైపుకు, వెనక టైరు మరోవైపుకు వంకర పోయి, రిమ్ము కింద రబ్బరు ముడత పడటం కనిపిస్తుంది. బెల్టుల మధ్య ఆ కోత మోటారు వాహనాల్లో కన్నా బాగా ఎక్కువ. ట్రెయిలర్ టైర్లలో వేర్పాటు తరచుగా రావడానికి ఇదొక కారణమని టైరు ఇంజనీర్లు చెబుతారు. మలుపు వెడల్పుగా తీసుకోవడం, గాలి పూర్తిగా ఉంచడం దీన్ని తగ్గిస్తాయి.

మిగతా కారణాలు చిన్నవి కావు కానీ తేలిగ్గా అర్థమవుతాయి: గుంటల దెబ్బలు, మేకులు, వంగిన ఇరుసు, ఎండి పగిలిన రబ్బరు వాల్వు, జంట టైర్ల మధ్య ఇరుక్కున్న రాయి.

బరువు తూచడం

ఆర్‌వీ నిర్వహణలో ఎక్కువమంది దాటవేసే పని ఇది. వాహనం మొత్తం బరువు పరిమితిలోనే ఉన్నా ఒక టైరు మీద బరువు మించి ఉండవచ్చు. గది పక్కకు జరిగే వైపే వంటగది, ఫ్రిజ్, బీరువాలు ఉంటే ఆ వైపు బరువు దిగుతుంది. ఉదాహరణకు రెండు ఇరుసుల ట్రెయిలర్‌కు 2,540 పౌండ్ల టైర్లు నాలుగు ఉన్నాయనుకుందాం. మొత్తం సామర్థ్యం 10,160 పౌండ్లు. ఇరుసుల మీద 8,800 పౌండ్లు ఉంటే టైరుకు సగటున 2,200. నిశ్చింతగా ఉన్నట్టే. విడిగా తూస్తే వంటగది వైపు టైరు మీద 2,600 తేలవచ్చు. సగటు చూసి బయల్దేరిన యజమానికి ఆ ఒక్క టైరు ఎందుకు పదేపదే పోతోందో తెలియదు.

నీటి బరువునూ మరిచిపోతారు. 60 గ్యాలన్ల ట్యాంకు నిండితే 227 లీటర్లు, అంటే సుమారు 500 పౌండ్లు. జనరేటరు, సైకిళ్ళు, పనిముట్లు, డబ్బాల తిండి అన్నీ వేసుకున్నాక, నిజంగా ప్రయాణమయ్యే స్థితిలోనే తూచాలి. అమెరికా ట్రక్ స్టాపుల్లోని క్యాట్ స్కేల్ కాటాల మీద ఇరుసుల వారీగా బరువు తెలుస్తుంది. ఒక్కో చక్రం బరువు కావాలంటే ఎస్కేపీస్ అనే ఆర్‌వీ క్లబ్బు నడిపే స్మార్ట్‌వే వంటి సేవలు ఉన్నాయి. ఒక ఇరుసు మీద రెండు వైపులా బరువు తేడాగా ఉంటే, ఎక్కువ బరువున్న వైపును ఆధారం చేసుకుని రెండువైపులా ఒకే పీడనం పెడతారు.

కొత్త వాహనాలకు ఎంత సామాను ఎక్కించవచ్చో చెప్పే చీటీ తలుపు దగ్గర అతికించి ఉంటుంది. దానిలోని అంకె చూసి చాలామంది ఆశ్చర్యపోతారు. పెద్ద వాహనమంటే పెద్ద బరువు మోస్తుందన్నది అపోహ. గదులు, గట్లు కట్టడంలోనే సామర్థ్యమంతా అయిపోయిన నమూనాలు ఉన్నాయి.

గాలి పీడనం

పీడనాన్ని చల్లటి టైరు మీదే చూడాలి. కనీసం మూడు గంటలు నిలిచి ఉన్న టైరు చల్లనిది. తెల్లవారి, ఎండ ఒకవైపు టైర్ల మీద పడకముందు చూడటం మేలు. పరిసర ఉష్ణోగ్రత 10 డిగ్రీల సెల్సియస్ మారితే 80 పీఎస్‌ఐ టైరులో సుమారు 3 పీఎస్‌ఐ తేడా వస్తుంది. కొండల చలిలో బయల్దేరి ఎడారికి దిగే ప్రయాణంలో ఇది లెక్కకు వచ్చే తేడాయే. నడిచే టైరులో పీడనం ఇంకా పెరుగుతుంది. పొద్దున 80 పెట్టింది మధ్యాహ్నం 90 దాటి కనిపించడం సహజం. ఆ వేడి పీడనాన్ని చూసి గాలి వదిలేయకూడదు. వదిలితే మర్నాడు పొద్దున టైరు తక్కువ గాలితో బయల్దేరుతుంది.

ఎంత పెట్టాలన్నదానికి రెండు పద్ధతులున్నాయి. మోటార్‌హోమ్‌కు తూచిన బరువును టైరు కంపెనీ పట్టికలో చూసి, ఆ బరువుకు చెప్పిన పీడనానికి కొంత కలిపి పెడతారు. వాహనం చీటీ మీది అంకె మరో ప్రామాణికం. తూచకపోతే దాన్నే పాటించాలి. ట్రెయిలర్‌కు మాత్రం పక్కగోడ మీది గరిష్ఠ చల్లటి పీడనమే పెట్టాలని ఎక్కువమంది నిపుణుల మాట. పైన చెప్పిన మెలి కారణంగానే ఈ తేడా. కుదుపు ఎక్కువై లోపలి సామాను అదురుతుందని గాలి తగ్గించేవాళ్ళు ఉన్నారు. సామాను అదరడం కన్నా టైరు పోవడం పెద్ద నష్టం.

ఏ లోపమూ లేని టైరు నుంచి కూడా నెలకు 1 నుంచి 3 పీఎస్‌ఐ దాకా గాలి ఇంకిపోతుంది. ఆరు నెలలు నిలిపిన వాహనాన్ని గాలి చూడకుండా కదిలించకూడదని ఈ అంకె ఒక్కటే చెబుతుంది. నైట్రోజన్ నింపితే తేమ తగ్గుతుంది, గాలి ఇంకడం కాస్త నెమ్మదిస్తుంది. మామూలు గాలిలోనే 78 శాతం నైట్రోజన్ ఉంది కాబట్టి, దాన్ని నింపించుకున్నా పీడనం చూసుకోవడం తప్పదు.

వెనక జంట టైర్లలో లోపలి దాన్ని చాలామంది వదిలేస్తారు. దాని వాల్వు అందదు. అది చప్పబడితే పక్కనున్నది రెండింటి బరువూ మోస్తూ వేడెక్కుతుంది. మన హైవేల మీద లారీ ఆపినప్పుడు క్లీనరు దిగి రాడ్డుతో టైర్లు కొట్టి చప్పుడు వినడం అందరూ చూసేదే. అమెరికా ట్రక్కు డ్రైవర్లకూ ఆ అలవాటు ఉంది. పూర్తిగా గాలి పోయిన టైరును ఆ దెబ్బ పట్టిస్తుంది. 100లో 20 తగ్గిన టైరును పట్టించలేదు. దానికి మీటరే కావాలి.

టైర్ల పీడనాన్ని నిరంతరం చూపే టీపీఎంఎస్ పరికరాలు ఈ లోటును చాలావరకు తీరుస్తాయి. వాల్వు మూత స్థానంలో బిగించే సెన్సర్లు డ్రైవరు ముందున్న తెరకు పీడనం, ఉష్ణోగ్రత పంపుతాయి. ట్రెయిలర్ టైరు పేలినా ముందున్న పికప్ డ్రైవరుకు కొంతసేపు తెలియదు కాబట్టి వీటి అవసరం ట్రెయిలర్లకే ఎక్కువ. సెన్సరు బరువుకు రబ్బరు వాల్వు ఊగి చీలవచ్చు. లోహపు వాల్వులు వేయించుకోవాలి. గాలి తగ్గకుండానే మొదలయ్యే ట్రెడ్ వేర్పాటును మాత్రం ఈ పరికరాలు ముందుగా పసిగట్టలేవు.

తనిఖీ

ప్రయాణం రోజున పొద్దున్నే వాహనం చుట్టూ ఒకసారి తిరిగి చూడటం మొదటి మెట్టు. పక్కగోడ మీద ఉబ్బు, ట్రెడ్ గాడుల అడుగున పగుళ్ళు, ఒకచోట మాత్రం ఎక్కువ అరుగుదల ఉన్నాయేమో చూడాలి. అరచేతితో ట్రెడ్ మీద చుట్టూ నిమిరితే కంటికి కనబడని ఎత్తుపల్లాలు తెలుస్తాయి. స్టీలు తీగలు పొడుచుకువచ్చి ఉండవచ్చు కాబట్టి చేతికి తొడుగు ఉండాలి. చక్రాన్ని జాకీ మీద లేపి తిప్పితే వేర్పాటు మొదలైన టైరు ఒకచోట ఎగిరినట్టు తిరుగుతుంది. నడుస్తున్నప్పుడు కొత్తగా మొదలైన అదురు కూడా ఇదే సంకేతం కావచ్చు. అదురు మొదలైతే బాలెన్సింగ్ అని సరిపెట్టుకోకుండా ఆపి చూడాలి.

అరుగుదల తీరు కారణాన్ని చెబుతుంది. మధ్యలో అరిగితే గాలి ఎక్కువ, రెండు అంచుల్లో అరిగితే తక్కువ. ఒకే అంచు అరిగితే ఇరుసు వంగిందో, అలైన్‌మెంటు తప్పిందో. ట్రెయిలర్‌కు కూడా అలైన్‌మెంటు ఉంటుందన్న సంగతి చాలామంది యజమానులకు తెలియదు.

చక్రం తీసి బిగించాక 10, 25, 50 మైళ్ళ దగ్గర ఆగి టార్క్ రెంచితో నట్ల బిగువు మళ్ళీ చూడాలన్నది ట్రెయిలర్ తయారీదారుల సూచన. అద్దెకు తీసుకున్న వాహనానికీ ఈ తనిఖీలన్నీ వర్తిస్తాయి. తాళాలు అందుకునే ముందే డీవోటీ అంకెలు, స్టెప్నీ చూడాలి. చాలా పెద్ద మోటార్‌హోమ్‌లకు స్టెప్నీయే ఉండదు.

నిలిపి ఉంచేటప్పుడు

టైరు కింద పడే ముద్ర కన్నా పెద్దదైన చెక్క పలక పరచాలి. టైరులో కొంత భాగమే పలక మీద ఉంటే బరువంతా ఆ భాగం మీదే పడుతుంది. వీలైనంత సామాను దింపి, గాలి పక్కగోడ మీది గరిష్ఠ పీడనం దాకా నింపి ఉంచాలి. ఎండ తగిలే వైపు టైర్లకు తెల్లటి కవర్లు తొడగాలి. ఓజోన్ వెలువరించే విద్యుత్ మోటార్ల పక్కన పెట్టరాదు. మెరుపు కోసం పూసే పెట్రోలియం నూనెలు రబ్బరులోని రక్షక మైనాన్ని కరిగిస్తాయి. సబ్బు నీళ్ళు చాలు. రెండు మూడు నెలలకు ఒకసారి వాహనాన్ని కాస్త నడిపితే టైరు వంగి, రక్షక పదార్థాలు పైకి వస్తాయి. నడపడం కుదరకపోతే కనీసం నేలను తాకే చోటైనా మారేలా కదపాలి.

దారిలో టైరు పేలితే

ముందు టైరు పేలితే వాహనం ఆ పక్కకు లాగుతుంది. బ్రేకు తొక్కితే లాగుడు ఇంకా పెరుగుతుంది. స్టీరింగును గట్టిగా, తిన్నగా పట్టుకోవాలి. కాలు యాక్సిలరేటర్ మీదే ఉంచి, అవసరమైతే క్షణంపాటు మరికాస్త తొక్కాలి. ముందుకు తోసే బలం పక్కకు లాగే బలాన్ని అణిచి, వాహనం దారిలో నిలదొక్కుకున్నాక నెమ్మదిగా వేగం తగ్గించి పక్కకు చేరాలి. మిషెలిన్ తీసిన ది క్రిటికల్ ఫ్యాక్టర్ అనే శిక్షణ చిత్రం ఈ పద్ధతిని ఆర్‌వీ డ్రైవర్లలో ప్రచారంలోకి తెచ్చింది. టైరు పేలిన క్షణంలో కాలు దానంతటదే బ్రేకు మీదికి పోతుంది కాబట్టి దీన్ని ముందే మనసులో సాధన చేసుకోవాలని బోధకులు చెబుతారు.

ట్రెయిలర్‌లో ప్రమాదం మరోలా ఉంటుంది. ఊడిన ట్రెడ్ పట్టీ చక్రంతో పాటు తిరుగుతూ చక్రపు గూడును, నేలను, తీగలను, వంటగ్యాసు గొట్టాన్ని కొట్టి చీల్చగలదు. టైరు మార్చి బయల్దేరే ముందు వాసన చూసి, గ్యాసు సిలిండరు కట్టేసి, పైన చూరు దాకా దెబ్బలు పరిశీలించాలి. జంట ఇరుసుల్లో ఒక టైరు పోతే, దాని పక్కనున్నది కొంతదూరం రెట్టింపు బరువు మోసి ఉంటుంది. బయటికి బాగున్నా దాన్నీ విప్పి పరీక్షించాలి.

ప్రమాణాలు, రీకాల్‌లు

2000 ఆగస్టులో ఫైర్‌స్టోన్ కంపెనీ సుమారు 65 లక్షల టైర్లను వెనక్కి పిలిచింది. ట్రెడ్ వేర్పాటుతో ఫోర్డ్ ఎక్స్‌ప్లోరర్ వాహనాలు బోల్తా పడి అనేకమంది చనిపోయారు. వేడి ఎక్కువగా ఉండే దక్షిణాది రాష్ట్రాల్లో వైఫల్యాలు ఎక్కువ. ఆ వాహనానికి ఫోర్డ్ 26 పీఎస్‌ఐ, ఫైర్‌స్టోన్ 30 పీఎస్‌ఐ సూచించడం కూడా వివాదంలో భాగమైంది. అదే ఏడాది నవంబరులో అమెరికా ట్రెడ్ చట్టం చేసింది. దాని ఫలితంగా కొత్త కార్లు, తేలికపాటి వాహనాల్లో టీపీఎంఎస్ తప్పనిసరి అయింది. 10,000 పౌండ్లు మించిన వాహనాలకు, ట్రెయిలర్లకు ఆ నిబంధన లేదు. అంటే టీపీఎంఎస్ అవసరం ఎక్కువున్న ఆర్‌వీలలో చాలా భాగం ఆ నిబంధన పరిధి బయటే ఉండిపోయింది. కార్ల, ఎల్‌టీ రేడియల్ టైర్ల పరీక్షలు ఆ తర్వాత కఠినమైనా, ఎస్‌టీ టైర్లకు పాత 119వ ప్రమాణమే కొనసాగింది. ఆర్‌వీ పరిశ్రమ సంఘమైన ఆర్‌వీఐఏ మాత్రం, ఇరుసు మోసే బరువు కన్నా టైర్ల సామర్థ్యం కనీసం 10 శాతం ఎక్కువ ఉండాలన్న నియమాన్ని 2017లో తన సభ్యులకు పెట్టింది.

ఆర్‌వీ రంగంలో ఎక్కువ చర్చకు వచ్చినది గుడ్‌ఇయర్ జీ159 కేసు. 275/70ఆర్22.5 కొలతలో 1996 నుంచి 2003 దాకా తయారైన ఈ టైర్లను క్లాస్ ఎ మోటార్‌హోమ్‌లకు వేశారు. పట్టణాల్లో సరుకు చేరవేసే వాహనాలకు తగిన టైరును హైవే వేగాలకు వాడారన్నది కోర్టుల్లో బాధితుల వాదన. ఫెడరల్ రహదారి భద్రతా సంస్థ 2017 చివర దర్యాప్తు మొదలుపెట్టింది. ఈ టైర్ల వైఫల్యాల వల్ల 8 మంది చనిపోయారని, 69 మంది గాయపడ్డారని ఆ సంస్థ పేర్కొంది. 2022లో 1,73,237 టైర్లకు రీకాల్ ప్రకటించారు. టైరులో లోపం లేదని, గాలి తగ్గడం, బరువు మించడం వంటివే కారణమని కంపెనీ వాదించింది. చివరి టైరు తయారై అప్పటికి 19 ఏళ్ళు. ఇంకా రోడ్డు మీద ఉన్న ఆ టైర్లు వయసు ప్రకారమైనా తీసేయాల్సినవే.

రీకాల్ సమాచారం యజమానికి చేరాలంటే కొన్న వెంటనే డీవోటీ సంకేతాన్ని కంపెనీ దగ్గర నమోదు చేయించాలి. (చూ. టీపీఎంఎస్, వాహన రీకాల్)

ఇతర దేశాల్లో

ఐరోపాలో మోటార్‌హోమ్‌ల కోసం సీపీ గుర్తుతో ప్రత్యేక టైర్లు ఉన్నాయి. వెనక ఇరుసు మీద ఎప్పుడూ నిండు బరువుండే వాహనాలకు ఇవి 5.5 బార్, అంటే సుమారు 80 పీఎస్‌ఐ దాకా తట్టుకుంటాయి. వీటికి లోహపు వాల్వు ఉండాలి. జర్మనీలో కారవాన్‌ను, అంటే నివాస ట్రెయిలర్‌ను, గంటకు 100 కిలోమీటర్ల వేగంతో లాగే ప్రత్యేక అనుమతి కావాలంటే దాని టైర్ల వయసు ఆరేళ్ళ లోపు ఉండాలి. బ్రిటన్ 2021 ఫిబ్రవరి 1 నుంచి లారీలు, బస్సుల ముందు ఇరుసు మీద పదేళ్ళు దాటిన టైర్లను నిషేధించింది. ఆ నిషేధం సొంత కారవాన్‌లకు వర్తించదు.

భారతదేశంలో మోటారు కారవాన్ల నిర్మాణానికి ఏఐఎస్-124 ప్రమాణం ఉంది. కేరళ ప్రభుత్వం 2021లో కారవాన్ పర్యాటకాన్ని ప్రారంభించింది. ఇక్కడి కారవాన్లు ఎక్కువగా మినీబస్సు, వ్యాను చట్రాల మీద కట్టేవి కాబట్టి వాటికి వేసేవీ ఆ వాణిజ్య వాహనాల టైర్లే. అద్దె బస్సులా రోజూ తిరగక, సీజను కాని నెలల్లో నిలబడి ఉండే కారవాన్‌కు కిలోమీటర్ల లెక్కన టైర్లు మార్చే మన ట్రావెల్స్ పద్ధతి సరిపోదు. తయారీ వారం, సంవత్సరం తెలిపే నాలుగు అంకెలు మన దేశపు టైర్ల మీద కూడా ఉంటాయి.